గోదారి దిగాలి, రొయ్య రేటు ఎక్కాలి

అమ్మడూ, లంకల్లో కాపురం ఉండేవాళ్ళ నోట వరద రోజుల్లో రెండే మాటలు వినిపిస్తాయి. పొద్దున్నే గట్టెక్కి చూసొచ్చినవాడు "నీరు దిగుతోంది" అంటాడు. మంచం మీద మంచం వేసుకుని ఇంట్లో కూర్చున్నవాడు "నీరు దిగాలి" అంటాడు. 1986 ఆగస్టులోనూ ఇంతే, 2022 జూలైలోనూ ఇంతే. మొదటిది వార్త, రెండోది మొక్కు. నువ్వు ఫోన్లో మొత్తుకున్న స్పానిష్ సబ్జంక్టివ్ గొడవంతా ఏది వార్తో, ఏది మొక్కో తేల్చుకోవడమే.

నీరు దిగుతూ ఉంటే స్పానిష్ వాళ్ళు "బాహా ఎల్ ఆగ్వా" అంటారు. దిగాలని కోరుకుంటే "ఓహలా బాహే ఎల్ ఆగ్వా" అంటారు. బాహా, బాహే. ఒక్క అచ్చు మారింది, అంతే. మనం "దిగు" వెనకాల "ఆలి" తెచ్చి తగిలిస్తాం. వాళ్ళు కొత్తగా ఏమీ తేరు, ఉన్న అచ్చునే అటూ ఇటూ చేస్తారు. తాతయ్యకి స్పానిష్ ఎప్పుడొచ్చిందని నవ్వకు. పాఠం ఫొటోలన్నీ పంపించావు కదా, రిటైరైన లెక్కల మాస్టారికి పొద్దు పోవద్దూ మరి!

ముందు లెక్క తేల్చుకుందాం. స్పానిష్ క్రియలన్నీ మూడు జట్లు. చివర "ఆర్" వచ్చేవి, "ఎర్" వచ్చేవి, "ఇర్" వచ్చేవి. అబ్లార్ అంటే మాట్లాడడం (రాతలో ముందు "హ" ఉంటుంది, నోట్లో ఉండదు). కొమేర్ అంటే తినడం. వివీర్ అంటే బతకడం. ఈ మూడోదాన్ని వాళ్ళు ఇంచుమించు "బిబీర్" అన్నట్టు పలుకుతారు గానీ, రాసినట్టే చదువుకుందాం. మామూలుగా "వాడు మాట్లాడతాడు" అంటే ఆబ్లా, "వాడు తింటాడు" అంటే కోమే, "వాడు బతుకుతాడు" అంటే వీవే. ఆర్ జట్టుకి "ఆ", మిగతా రెండు జట్లకీ "ఏ".

నువ్వు లొల్ల లాకులు చూశావు కదా, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని వెళ్ళినప్పుడు. తలుపు దించితే ఇటు పోయే నీరు అటు తిరుగుతుంది. కాలవ అదే, నీరూ అదే, పారే దిక్కు మారుతుంది. మొక్కులోకి రాగానే స్పానిష్ వాడు ఆ తలుపు దించుతాడు. "ఆ" ఉన్న చోటికి "ఏ", "ఏ" ఉన్న చోటికి "ఆ" వచ్చేస్తాయి. ఆబ్లా కాస్తా ఆబ్లే అవుతుంది. కోమే కాస్తా కోమా అవుతుంది. వీవే కాస్తా వీవా అవుతుంది. "కోమా" అనగానే మీ నాయనమ్మ కంగారుపడి "ఎవరికేమైందీ" అంది. ఎవరికీ ఏమీ కాలేదు, తినమంటున్నారంతే.

చేసే పద్ధతి ఇదీ. "నేను" రూపం తీసుకో. ఆబ్లో, కోమో, వీవో. చివరి "ఓ" కొట్టెయ్. మిగిలినదానికి ఎదుటి జట్టు అచ్చు తగిలించు. ఆబ్లే, ఆబ్లేస్, ఆబ్లే, అబ్లేమోస్, అబ్లేఇస్, ఆబ్లేన్. రెండో జట్టుకి కోమా, కోమాస్, కోమా, కొమామోస్, కొమాఇస్, కోమాన్. మూడో జట్టూ దీని వెనకే నడుస్తుంది: వీవా, వీవాస్ అనుకుంటూ పో. అయిదో రూపం స్పెయిన్‌లోనే ఎక్కువ వినపడుతుంది. మీ టెక్సాస్ చుట్టుపక్కల మెక్సికో వాళ్ళు దాని జోలికి పోరు, కాబట్టి నీకూ పెద్ద బెంగ అక్కర్లేదు.

ఇందులో మొదటి రూపం, మూడో రూపం ఒకటే అయిపోయాయి, గమనించావా? "నేను తినాలి" అన్నా కోమా, "వాడు తినాలి" అన్నా కోమా. మీ టీచరు ఇదేదో స్పానిష్ వింత అన్నట్టు చెప్పి ఉంటుంది. మనకిది వింతేం కాదు. తింటాను, తింటావు, తింటాడు అని ఎవరు తినేదీ క్రియలోనే చెప్పేసే తెలుగు, "ఆలి" దగ్గరికి వచ్చేసరికి ఆ వివరం మొత్తం వదిలేస్తుంది. నేను తినాలి, నువ్వు తినాలి, వాడు తినాలి, అందరూ తినాలి. మామూలు వాక్యంలో "నేను" అని విడిగా అనకపోయినా సరిపోయేది, ఇక్కడ అనక తప్పదు. స్పానిష్‌లోనూ అంతే. తికమక వస్తుందనుకున్న చోట "నేను" అనో "అతను" అనో పైకి చెబుతారు.

ఇంకో చోట తెలుగు పిల్లవి కాబట్టి నీకు లాభం ఉంది. వెతకడానికి స్పానిష్ మాట బుస్కార్. దాన్ని మొక్కులో పెడితే "బుస్కే" అవుతుంది. వాళ్ళ రాతలో "క"కి వాడిన అక్షరం పక్కన "ఏ" వస్తే దాని ధ్వని మారిపోతుంది. అందుకని ఆ అక్షరం తీసేసి వేరే రెండక్షరాలు పెట్టుకుంటారు. యెగార్ అంటే చేరుకోవడం, అది "యేగే" అయ్యేటప్పుడూ ఇదే తంటా. దీన్ని బట్టీ పట్టమన్నారని ఏడ్చావు. తెలుగులో రాసి చూసుకో, బట్టీ పట్టడానికి ఏమీ ఉండదు. బుస్కో, బుస్కే: "క"కి ఓత్వం తీసి ఏత్వం పెట్టాం, "క" మాత్రం కదల్లేదు. చెవికి తేడా లేదు, రాతకే ఉంది. ముందు చెవితో పట్టుకుని తర్వాత స్పెల్లింగు దిద్దుకో.

సరే, మొక్కు రూపం ఎప్పుడెప్పుడు వాడాలీ అన్నది అసలు చిక్కు. నాకు తినాలని ఉంటే "కియేరో కొమేర్". అక్కడ సబ్జంక్టివ్ పని లేదు, కోరేదీ తినేదీ ఒకరే. నువ్వు తినాలని నాకు ఉంటే "కియేరో కే కోమాస్". కోరేవాడు ఒకడు, తినేవాడు ఇంకొకడు. నా కోరిక నీ మీద పడింది, నువ్వు తింటావో లేదో దేవుడికెరుక. కాబట్టి లాకు తలుపు దిగింది. తెలుగులో రెంటికీ "తినాలని" ఒక్కటే సరిపోతుంది, అందుకే మనవాళ్ళు ఇక్కడ తడబడతారు.

అనుమానం దగ్గర మనకీ వాళ్ళకీ దారులు వేరు. "వాడు స్పానిష్ మాట్లాడతాడని నమ్ముతున్నాను" అంటే ఆబ్లా. "మాట్లాడతాడని నమ్మను" అంటే ఆబ్లే. నమ్మకం పోగానే అచ్చు మారిపోయింది. మనం రెండు చోట్లా "మాట్లాడతాడని" అనే అంటాం, అనుమానం భారమంతా "నమ్మను" ఒక్కటే మోస్తుంది. అలాగని తెలుగుకి ఇది చేతకాదనుకోకు. "వస్తాడేమో", "వస్తాడట" అనే రెండు తోకలున్నాయి మనకి. ఆ "ట" లేకపోతే కాలవ గట్టు మీద సగం కబుర్లు ఆగిపోతాయి. నేను చూడలేదు, ఎవరో చెప్పారు, నా పూచీ లేదు అన్నదంతా ఒక్క అక్షరంలో పెట్టేశాం. స్పానిష్ క్రియకి ఆ తోక లేదు.

ఇంకా జరగనివాటి సంగతి మరీ సొగసు. "నేను తినేటప్పుడు టీవీ చూస్తాను" అంటే రోజూ జరిగేదే కాబట్టి "క్వాందో కోమో", మామూలు రూపం. "నేను తినేటప్పుడు నీకు ఫోన్ చేస్తాను" అంటే ఆ భోజనం ఇంకా విస్తట్లోకి రాలేదు. అప్పుడు "క్వాందో కోమా". వడ్డించని అన్నానికి వార్త రూపం వాడరు వాళ్ళు. అంత నిక్కచ్చి.

మర్యాదకీ ఇదే రూపం. పెద్దవాళ్ళని "తినండి" అనాలంటే "కోమా ఉస్తేద్". ఆ ఉస్తేద్ అన్నది పూర్వం "తమ దయ" అనే అర్థంలో వాడిన రెండు మాటలు అరిగి అరిగి మిగిలింది. అందుకే దానికి "నువ్వు" క్రియ కలపరు, ఎవరో మూడో మనిషి గురించి అన్నట్టే అంటారు. "దొరవారు భోంచేస్తారా" అని ఎదురుగా ఉన్న దొరనే అడగడం మన తాతలు ఎరుగుదురు. కాదనడంలోనూ ఇదే: "తిను" అనడానికి కోమే, "తినకు" అనడానికి నో కోమాస్. తిను అన్నదానికి "కాదు" చేరిస్తే తినకు అవ్వదు కదా మనకైనా, రూపమే మారాలి.

ఇంతవరకూ మీ టీచరు చెప్పగలదు. ఇక్కణ్ణించి చెప్పడానికి కోనసీమ వాడే కావాలి.

మన అగ్రహారాల్లో సంధ్యావందనం చేసే ప్రతివాడూ రోజుకి మూడుపూటలా ఒక సబ్జంక్టివ్ పలుకుతాడు, తెలిసో తెలియకో. గాయత్రి చివర వచ్చే "ప్రచోదయాత్" అదే. "చోదయతి" అంటే ప్రేరేపిస్తున్నాడని, వార్త. "చోదయాత్" అంటే ప్రేరేపించుగాక అని, మొక్కు. అక్కడున్న "అ" సాగి "ఆ" అయింది, చివర "తి" పోయి "త్" మిగిలింది. పాణిని దీనికి "లేట్" అని పేరు పెట్టాడు. లట్టు, లిట్టు అంటూ ఆయన లెక్కపెట్టిన పది లకారాల్లో, అంటే క్రియకి కాలమూ కోరికా చెప్పే రూపాల్లో, అయిదోది ఇదే. లేట్‌లో క్రియకి "అ" గాని "ఆ" గాని చేరుతుందనీ, చివరి "ఇ" పోవచ్చు, ఉండనూవచ్చనీ సూత్రాలు రాశాడు. అచ్చు ఆటే, చూడు! ఇది వేదంలోనే చెల్లుతుందని కూడా ఆయనే కట్టడి చేశాడు. అంటే రెండు వేల మూడొందల ఏళ్ళకి ముందే, పాణిని కూర్చుని రాసేనాటికే, మామూలు సంస్కృతంలోంచి లేట్ జారిపోయిందన్నమాట. కాళిదాసు కావ్యాలు చదివేవాళ్ళకి దానితో పనే పడదు. బడి పుస్తకాలు దాని ఊసెత్తకుండానే ఊరుకుంటాయి.

పూర్తిగా పోలేదులే. ఉపనిషత్తు శాంతిపాఠంలో "కరవావహై" అని వస్తుంది, మనిద్దరం చేద్దాం అని. దాన్ని లోట్టు (ఆజ్ఞ రూపం) ఉత్తమపురుష అని పట్టికలో రాసుకుంటారు గానీ, పుట్టుకలో అది లేట్. ఇల్లు కూలిపోయాక గుమ్మం పక్కింటివాళ్ళు పట్టుకుపోయి బిగించుకున్నారు, అంతే.

మరి మూల రూపాలు ఇన్నాళ్ళు చెక్కుచెదరకుండా ఎలా మిగిలాయి? పాఠం వల్ల. కోనసీమలో వేదమంటే కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. సంహిత వల్లించాక పదాలు విడగొట్టి చెబుతారు, ఆ తర్వాత క్రమం, జట, ఘన. జటలో ఒకటీ రెండూ, రెండూ ఒకటీ, మళ్ళీ ఒకటీ రెండూ అని వెనక్కీ ముందుకీ నడుస్తారు. ఘనలో మూడో పదం కూడా వచ్చి చేరుతుంది. ఒక్కో పదం అన్నిసార్లు, అన్ని పొరుగుల పక్కన పలికాక అందులో దీర్ఘం ఒకటి హ్రస్వం అయితే వెంటనే దొరికిపోతుంది. అర్థం తెలియకపోయినా సరే, దీర్ఘం మాత్రం పోదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు డేవిడ్ నైప్ మన డెల్టాలోని ఆహితాగ్నుల (ఇంట్లో వేదాగ్ని నిలుపుకునేవాళ్ళ) ఇళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి, వాళ్ళ జీవితాల మీద 2015లో "వేదిక్ వాయిసెస్" అని పుస్తకమే వేశాడు. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లోనే మానవజాతి వారసత్వమంది. మన వేదపండితులు వ్యాకరణం కోసం కాపాడలేదు, కానీ చచ్చిపోయిన క్రియారూపం ఒకటి వాళ్ళ నోళ్ళలో రోజూ ప్రాణంతో ఉంది.

ఇక అసలు ముచ్చట. ఋగ్వేదం పదో మండలంలో ఎనభై అయిదో సూక్తం పెళ్ళి సూక్తం. పెళ్ళికొడుకు నూరేళ్ళు బతకాలని అందులో ఒక కోరిక ఉంది. అక్కడి క్రియ "జీవాతి". మామూలుగా అయితే "జీవతి", బతుకుతున్నాడు. మొక్కులో జీవాతి. ఇప్పుడు స్పానిష్ అమ్మగారైన లాటిన్ దగ్గరికి పద. బతుకుతున్నాడు అంటే "వీవిత్". బతకాలి అంటే పాత లాటిన్‌లో "వీవాత్". అరిగిపోయి స్పానిష్‌లో వీవే, వీవా అయ్యాయి. ఆ "జీవ్", ఈ "వీవ్" ఒకే ధాతువు. ఇందులో పండితులెవరికీ సందేహం లేదు. ఇక్కడి దీర్ఘం, అక్కడి దీర్ఘం కూడా ఒకే చోటునుంచి వచ్చాయా అన్నదాని మీద మాత్రం ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారు. లాటిన్ "ఆ" వేరే దారిన వచ్చిందనేవాళ్ళే ఎక్కువ. నన్నడిగితే దారి వేరైనా ఇద్దరూ అచ్చు మీదే చెయ్యి వేశారన్నది చాలు.

స్పెయిన్ వాళ్ళు వీధుల్లో "వీవా!" అని అరిస్తే అదే ఈ క్రియ, వర్ధిల్లాలి అని. అమలాపురం గడియార స్తంభం దగ్గర ఏ పార్టీ ఊరేగింపు వచ్చినా రెండు అరుపులు వింటాం. "వర్ధిల్లాలి" ఒకటి, "జిందాబాద్" రెండోది. మొదటిదానికి తల సంస్కృతం, తోక తెలుగు. రెండోది ఫార్సీ. అందులో "బాద్" అంటే అగుగాక. అదీ పాత ఆశీస్సు రూపమే, రోజువారీ ఫార్సీలో చెల్లిపోయి ఇలాంటి అరుపుల్లో మిగిలింది. ముందున్న "జిందా" మన జీవ్‌కి చెల్లెలు. అంటే గడియార స్తంభం దగ్గర గొంతు చించుకునేవాడూ, పెళ్ళిలో మంత్రం చెప్పే ఘనాపాఠీ, మాడ్రిడ్‌లో వీవా అనేవాడూ ఒకే కుటుంబం ధాతువుని ఒకే పనికి వాడుతున్నారు.

"మరి మన తెలుగూ ఆ కుటుంబమేనా?" అనడుగుతావు. కాదు. కలకత్తాలో విలియం జోన్స్ 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే ఊట నుంచి పుట్టి ఉండాలన్నాడు. ఫ్రాంజ్ బాప్ అనే జర్మన్ కుర్రాడు సరిగ్గా క్రియారూపాలనే పట్టుకుని పోల్చి, 1816లో పుస్తకం అచ్చేశాడు. అదే 1816లో మద్రాసులో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా ఎల్లిస్ దొర ఒక వ్యాసం రాసి, తెలుగు సంస్కృతానికి బిడ్డ కాదు, తమిళ కన్నడాల తోబుట్టువు అని తేల్చాడు. ఒకే ఏడాది ఒకాయన అక్కడ ఒక కుటుంబాన్ని కలిపాడు, ఇంకొకాయన ఇక్కడ మనల్ని విడదీసి మన ఇంటికి మనల్ని పంపించాడు. ఎల్లిస్‌ని తలుచుకునేవాళ్ళు తక్కువ, అది నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

మన ఇంటి పద్ధతి వేరని "ఆలి" చూస్తేనే తెలుస్తుంది. తినవలెను అన్నది నలిగి నలిగి తినాలి అయింది. "వలయు" అనే పూర్తి క్రియ ఒకప్పుడు, ఇప్పుడు తోక. గాక ఉంది చూడు, శుభమగుగాక అని, అదీ తగిలించుకున్నదే. రాజోలు పక్క ఆదివారం ఏ చర్చికి వెళ్ళినా ప్రార్థన నిండా ఆ "గాక" మోగుతూ ఉంటుంది. స్పానిష్ చర్చిలో అదే ప్రార్థనలో సబ్జంక్టివ్ మోగుతుంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ కోరికల రూపాలకి ఆశీరర్థకం అని పేరు. కావుత, ఒసగుత అని కావ్యాల మొదట్లో కవులు దేవుణ్ణి పిలిచేది దాంతోనే.

ఆశీస్సుకి ఆశీరర్థకమే కావాలనీ లేదనుకో. దీర్ఘాయుష్మాన్ భవ అంటే అది ఆజ్ఞ. శతమానం భవతి అని అక్షింతలు వేస్తారే, ఆ భవతి ఉత్త లట్టు, వార్త రూపం. బతకాలి అనరు, నూరేళ్ళు ఉంటుంది అని చెప్పేస్తారు. అనుమానానికే చోటివ్వని ధైర్యం! స్పానిష్ వాడికి ఈ దన్ను లేదు.

ఆ "ఓహలా" సంగతి చెప్పలేదు కదూ. అరబ్బులు 711లో స్పెయిన్‌లో దిగారు, వాళ్ళ చివరి రాజ్యం గ్రనాడా పడిపోయింది 1492లో. అన్ని వందల ఏళ్ళు ఉండి వెళుతూ వదిలిపెట్టిన మాట అది, దేవుడు తలిస్తే అని. కువైట్ వెళ్ళొచ్చిన మన రాజోలు వాళ్ళు మాటకి ముందొకటి వెనకొకటి "ఇన్షా అల్లా" అంటారు, దానికి చుట్టమే. ఓహలా వచ్చిందంటే వెనకాల సబ్జంక్టివ్ రావలసిందే, మినహాయింపు లేదు. పరీక్షలో మార్కు వదులుకోకు.

ఉదాహరణ కావాలంటే చెరువు గట్టుకే వస్తాను. మన దగ్గర పెంచే వనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం, అంతా స్పానిష్ మాట్లాడే నేల. టైగర్ రొయ్యని తెల్లమచ్చ తెగులు ముంచేశాక, 2009లో మన ప్రభుత్వం వనామీకి అనుమతిచ్చింది. ఇప్పుడు ఎగుమతుల్లో మనకి పోటీ ఈక్వెడార్. అక్కడ గ్వాయాకీల్ దగ్గర రైతు గట్టు మీద నిలబడి "ఓహలా సూబా ఎల్ ప్రెసియో" అనుకుంటాడు. సుబీర్ అంటే ఎక్కడం, ఇర్ జట్టు. సూబే అంటే ఎక్కుతోంది, సూబా అంటే ఎక్కాలి. ఇక్కడ మామిడికుదురులో మన రైతు "రేటు ఎక్కాలి" అంటాడు. ఇద్దరి మొక్కూ ఒకటే, కొనే బజారూ ఒకటే. అక్కడివాడికి పంట దండిగా వస్తే ఇక్కడివాడి మొక్కు తీరదు. ఇద్దరి మొక్కులూ వింటున్న దేవుడికి ఎంత ఇరకాటమో!

ఇవన్నీ చెప్పినమాట వినే క్రియలు. "నేను" రూపం చివర "ఓ" లేని ఆరు మొండి క్రియలున్నాయి: ఇవ్వడం, ఉండడం రెండు రకాలు, వెళ్ళడం, తెలియడం, వాటికి తోడు సహాయక క్రియ ఒకటి. కొట్టెయ్యడానికి "ఓ" లేనప్పుడు మన లెక్క పని చెయ్యదు. వాటిని బట్టీ పట్టాల్సిందే, లెక్కల మాస్టారు చెప్పినా అంతే. మిగతావాటిలో "నేను" రూపం వంకరగా ఉన్నవి, తెంగో (నా దగ్గర ఉంది) లాంటివి, అదే వంకరతో తెంగా అయిపోతాయి, భయం లేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు అబ్లార్, కొమేర్, వివీర్ మూడూ ఆరేసి రూపాల్లో అప్పజెప్పు. పుస్తకం చూస్తూ చెబితే నాకు తెలిసిపోతుంది, కెమెరా నాయనమ్మ చేతిలో ఉంటుంది.